ఆటలో అరటిపండు ఎవరు?

"మీరు రాసింది చాలా బాగుంది. కాకపోతే సొంత కూతురి గురించి అంత రాస్తే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని కాస్త సరిచేసి వేయించాను. ఏమీ అనుకోకండి."

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున నాకు అందిన జాబు సారాంశం ఇది. పంపినాయన మా అమ్మాయి ఆడే బేస్‌బాల్ జట్టుకి కోచ్. చెడ్డవాడేమీ కాదు. ఓడిపోయిన రోజున కూడా పిల్లల మీద గొంతు పెంచడు. ఆయన సరిచేసింది రెండే రెండు వాక్యాలు. రెండు వాక్యాలకి ఇంత గొడవెందుకని, అందులోనూ అమెరికాలో పిల్లలాడుకునే బంతాటకి హక్కుల పత్రికలో చోటెందుకని మీలో కొందరికి అనిపిస్తే తప్పు పట్టను. నాకూ మొదట అట్లాగే అనిపించి మూడు రోజులు వూరుకున్నాను. నాలుగో రోజు మా అమ్మాయి ఆ కాగితం పట్టుకొచ్చి, "అమ్మా, నేను ఆ రోజు ఆడలేదా?" అని అడిగింది.

మేముండేది న్యూజెర్సీలో. చలి తగ్గి ఎండ మొహం చూపించగానే ఇక్కడ ఊరూరా పిల్లల బేస్‌బాల్ మొదలవుతుంది. ఈ లీగుల్లో అన్నిటికన్నా పేరున్నది లిటిల్ లీగ్. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఊళ్లలో దీన్ని నడిపేదంతా తల్లిదండ్రులే. ఆట నేర్పేది వాళ్లే, మైదానంలో సున్నం గీతలు గీసేది వాళ్లే, తినుబండారాల కొట్లో నిలబడేదీ వాళ్లే. ఎవరికీ జీతం లేదు. అంతా స్వచ్ఛందం.

ఆట అయ్యాక ఆ ఆట కథని అరపేజీలో రాసి, లీగు వాళ్లు వారం వారం అందరికీ పంపే కాగితంలో వేస్తారు. దాన్ని రీక్యాప్ అంటారు. బంతి ఎవరు విసిరారు, ఎవరు కొట్టారు, ఏ ఇన్నింగ్స్‌లో ఆట మలుపు తిరిగింది, ఇట్లాంటివన్నీ వుంటాయి. ఒకప్పుడు ఊళ్లలోని చిన్న పత్రికలు ఈ కథనాలు వేసుకునేవి. వాటిలో చాలా మూతపడ్డాయి. ఇప్పుడా పని కూడా తల్లిదండ్రులదే అయింది. పెద్దవాళ్లకి ఇదంతా కాలక్షేపంలాగా కనపడచ్చు గానీ పిల్లలకి అదే చరిత్ర. కత్తిరించి గోడకి అంటించుకుంటారు. మా అమ్మాయి విజయవాడలో వున్న మా నాన్నకి ఫోన్‌లో చదివి వినిపిస్తుంది. ఆయనకి బేస్‌బాల్ అర్థం కాదు, మనవరాలి పేరు వచ్చినప్పుడు మాత్రం "మళ్లీ చదువమ్మా" అంటాడు.

"తల్లిదండ్రులు" అన్నాను చూశారూ, ఆ మాట చాలా గడుసుది. అందులో తండ్రి వున్నాడు. పెన్సిలు పట్టుకుని కూర్చోవలసి వచ్చినప్పుడు మాత్రం వుండడు.

నేను గాలి కబుర్లు చెప్పటం లేదు. మైకేల్ మెస్నర్ అనే సామాజిక శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో పిల్లల ఆటల లీగుల్ని ఏళ్ల తరబడి పరిశీలించి 2009లో ఒక పుస్తకం తెచ్చాడు. వలంటీర్లుగా వచ్చిన మగవాళ్లలో ఎక్కువమంది కోచ్‌లవుతారు, ఆడవాళ్లలో ఎక్కువమంది "టీమ్ మామ్‌"లవుతారు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టినట్టు కనపడదు, అదేదో సహజంగా జరిగిపోయినట్టే వుంటుంది. అదీ ఆయన చూసింది. ఈ "సహజం" మనకి కొత్తా? పెళ్లి విందులో వడ్డించేది మగవాళ్లు, మర్నాడు గిన్నెలు తోమేది ఆడవాళ్లు. అదీ సహజంగానే జరుగుతుంది.

ఆ పని ఏమిటో చెప్పకపోతే నేను దేని గురించి మాట్లాడుతున్నానో తెలియదు. శనివారం ఆట తొమ్మిదింటికంటే ఎనిమిదిన్నరకే స్కోరుబుక్కు తెరవాలి. మైదానంలో ఒక్కో స్థానానికి ఒక్కో అంకె వుంటుంది. బంతి విసిరే పిచ్చర్ 1, వెనకాల పట్టుకునే క్యాచర్ 2, అట్లా కుడివైపు చివర నిలబడేవాళ్ల దాకా 9. ప్రతి బంతికీ ఒక గుర్తు పెట్టాలి. కొట్టిన బంతి వల్ల పరుగెత్తాడా, అవతలివాడు జారవిడవటం వల్ల పరుగెత్తాడా అన్నది కూడా అప్పటికప్పుడు రాసేవాళ్లే తేల్చాలి. ఇది గుమాస్తా పని కాదు, తీర్పు చెప్పే పని.

ఇంకొకటుంది. 2007 నుంచీ లిటిల్ లీగ్‌లో ఒక పిచ్చర్ ఒక రోజులో విసరగలిగే బంతులకి హద్దు పెట్టారు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకి 85. 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ విసిరితే మళ్లీ విసరటానికి నాలుగు రోజులు ఆగాలి. పెరిగే వయసులో మోచెయ్యి, భుజం దెబ్బతినకుండా పెట్టిన నిబంధన ఇది. ఆ లెక్క కట్టేది ఎవరు? గట్టు మీద మడత కుర్చీలో, పక్కన మూడేళ్ల చంటాడికి బిస్కెట్లు అందిస్తూ, ఇంకో చేత్తో గీతలు పెట్టే మనిషి. ఒకసారి ఆట బిగువుగా వున్నప్పుడు "ఎనభై అయిదు అయిపోయాయి" అని చెప్తే కోచ్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పుస్తకం చూపించాను. పిల్లవాణ్ణి మార్చాడు. ఆ పిల్లవాడు ఆయన కొడుకే. నా పెన్సిలు గీతలే ఆ చేతిని కాపాడాయని ఆ వారం రీక్యాప్‌లో రాసుకోలేదు. రాసుకోవాలని కూడా తోచలేదు నాకు.

అదంతా అయి ఇంటికొచ్చి, వంట చేసి, పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికి ఆ గీతల్ని కథగా మార్చాలి. ఒక సీజన్‌లో మా జట్టువి పద్నాలుగు ఆటలు. పద్నాలుగూ నేనే రాశాను. ఒక్క దాని కింద కూడా నా పేరు లేదు. "టీమ్ పేరెంట్" అని వేశారు.

ఇక ఈ స్వచ్ఛందం గురించి. నేను ఎం.సి.ఏ. చదివాను. హైదరాబాద్‌లో ఆరేళ్లు వుద్యోగం చేశాను. నా సహచరుడు హెచ్-1బి వీసా మీద ఇక్కడికొస్తే, నేను హెచ్-4 మీద వచ్చాను. అంటే ఆశ్రితురాలిని. ఆ వీసా మీద వున్నవాళ్లు జీతానికి పనిచెయ్యకూడదు. 2015 మే నుంచీ, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక మెట్టు దాటితే భార్య పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఆ మెట్టు దాటనివాళ్లకి పాత చీకటే. అందులో నేనొకదాన్ని. నాలాంటి తెలుగమ్మాయిలు ఈ రాష్ట్రంలో వీధికొకరు దొరుకుతారు. ఇంజినీర్లు, లెక్చరర్లు, డాక్టరీ చదివినవాళ్లు. బయటికొచ్చి చెయ్యటానికి వీళ్లకి చట్టం వదిలిన సందు ఒక్కటే: లాభం కోసం నడవని సంస్థలకి వూరికే చెయ్యటం.

అందుకే లైబ్రరీలో పుస్తకాలు సర్దేది మేమే, బళ్లో పండగలకి కాగితం పూలు కత్తిరించేది మేమే. సీజన్ మొదట్లో లీగు ఫారంలో "మీరేం చెయ్యగలరు?" అనే గడి ఎదురుగా నా పేరు రాసింది నేను కాదు, నా సహచరుడు. "ఇంట్లో ఖాళీగానే వుంటావు కదా, నీ ఇంగ్లీషు కూడా బాగుంటుంది" అన్నాడు. పిల్లల దగ్గర పనిచేసేవాళ్ల పూర్వాపరాలు విచారించటానికి ఇంకో ఫారం వచ్చింది. అది పెట్టటం మంచిదే, పిల్లల క్షేమం కోసం. అందులో సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగారు. పని అనుమతి లేని హెచ్-4 భార్యకి ఆ నంబరు ఇవ్వరు. ఆ గడి ఖాళీగా వదిలేశాను. జీతం ఇవ్వటానికి ఈ దేశపు లెక్కల్లో నేను లేను. వూరికే చేయించుకోవటానికి వున్నాను.

స్వచ్ఛందం అంటే సొంత ఇష్టం. అన్ని తలుపులూ వేసి ఒక్కటి తెరిచిపెట్టి, అందులోంచి నడిచిన మనిషిని "ఎంత ఇష్టంగా వచ్చిందో" అనటం ఏం న్యాయం? అయినా నిజం చెప్పాలి. ఆ పని నాకు నచ్చింది. చాలా రోజుల తర్వాత నా బుర్రకి పని దొరికింది. నచ్చింది కాబట్టే దాన్ని పని అని పిలవాలని పట్టుబడుతున్నాను.

ఇప్పుడు ఆ రెండు వాక్యాలకి వస్తాను.

మా అమ్మాయి క్యాచర్. క్రికెట్లో వికెట్ కీపర్ లాంటి స్థానం. ముఖానికి ఇనప జాలీ, ఛాతీకీ మోకాళ్లకీ కవచాలు కట్టుకుని గొంతుక్కూర్చుని ప్రతి బంతినీ పట్టుకోవాలి. పోయినేడు మా అత్తగారు వచ్చినప్పుడు చూసి, "ఏమిటే అమ్మాయ్, యుద్ధానికి పంపుతున్నట్టు పంపుతున్నావు పిల్లని" అని భయపడింది. రెండో ఆటకి ఆవిడే ముందు వరసలో కూర్చుంది.

ఆ శనివారం ఆరో ఇన్నింగ్స్, అంటే చివరిది. మేము ఒక్క పరుగు ముందున్నాం. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకరైతే ఆట అయిపోతుంది. అవతలి పిల్లవాడు బంతిని మైదానం మధ్యకి గట్టిగా కొట్టాడు. రెండో బేస్ మీదున్న వాళ్ల ఆటగాడు ఇంటి గడికేసి పరుగు మొదలుపెట్టాడు. సెంటర్ ఫీల్డ్‌లో వున్న మా పిల్లవాడు బంతి విసిరాడు. స్కోరుబుక్కులో దీని గుర్తు 8-2. ఎనిమిది నుంచి రెండుకి. నేను రాసిందిది: "బంతి నేల తాకి పక్కకి ఎగిరింది. క్యాచర్ మోకాళ్ల మీద పక్కకి ఒరిగి దాన్ని ఒడిసిపట్టి, తన మీదికి జారుతూ వస్తున్న ఆటగాడిని తాకి అవుట్ చేసింది. ఆరు ఇన్నింగ్సుల్లోనూ ఒక్క బంతి కూడా ఆమెని దాటి పోలేదు."

అచ్చయి వచ్చింది ఇది: "సెంటర్ ఫీల్డర్ విసిరిన అద్భుతమైన త్రోతో జట్టు విజయం సాధించింది."

ఎవరికి విసిరాడు? గోడకా? 8 వుంది, 2 లేదు. ఆరు ఇన్నింగ్సుల మాట పూర్తిగా ఎగిరిపోయింది.

కోచ్ చెప్పిన కారణం పక్షపాతం. కన్నతల్లికి పక్షపాతం వుండదని నేననను. వుంటుంది. అయితే ఆయన కొడుకు మా జట్టు పిచ్చర్. ఆ పిల్లవాడు బాగా విసురుతాడు కాబట్టి దాదాపు ప్రతి వారం వాడి గురించి రాశాను. తండ్రి రాయలేదు, నేను రాశాను. అందుకని అది పక్షపాతం కాలేదు. అంటే లెక్క ఇట్లా తేలింది: కోచ్ కొడుకుని పొగడటానికి వేరే వాళ్ల అమ్మ వుంది. ఆ అమ్మ కూతుర్ని పొగడటానికి ఎవరూ లేరు. పక్షపాతమే బాధయితే, ఆ పూట ఆ రెండు వాక్యాలూ ఇంకెవరి చేతనైనా రాయించవచ్చు. గట్టు మీద ఇరవైమంది వున్నారు, అందరూ చూశారు. వేరే వాళ్లని అడగటం ఆయనకి తోచలేదు. తీసెయ్యటమే తోచింది.

ఆ రెండో వాక్యం పోవటమే నాకు ఎక్కువ బాధ. ఎందుకో చెప్తాను. స్కోరుబుక్కులో క్యాచర్ బంతిని వదిలేస్తే దానికి గుర్తుంది, ఆమె పేరు కింద తప్పు పడుతుంది. పట్టుకుంటే ఏ గుర్తూ లేదు. నేల మీద పడి ఎటుపోతుందో తెలియని బంతికి ఒళ్లు అడ్డం పెట్టి ఆపిందనుకోండి, పుస్తకం ప్రకారం అక్కడ ఏమీ జరగలేదు. క్రికెట్లో కీపర్ వదిలేస్తే బైలు లెక్కకొస్తాయి, ఆపిన బంతులు ఎవరు లెక్కపెట్టారు? అట్లా "ఏమీ జరగకుండా" చూడటానికి ఆ పిల్ల గంటన్నర సేపు ఎండలో గొంతుక్కూర్చుంది.

ఈ లెక్క నాకు బాగా తెలుసు. అన్నం మాడితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. మాడని రోజులు ఎవరూ ఎంచరు. పిల్లకి జ్వరం ముదిరితే "చూసుకోలేదా?" అంటారు. ముదరకుండా చూసిన రాత్రికి ఏ పుస్తకంలోనూ గడి లేదు. ఇంటిచాకిరీని జాతీయాదాయంలో ఎందుకు లెక్కించరని మన పత్రికల్లో ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే వున్నాం. పదకొండేళ్ల పిల్ల ఆట స్కోరులో కూడా అదే ప్రశ్న ఎదురవుతుందని నేననుకోలేదు. పుస్తకంలో గడి లేదు కాబట్టే రీక్యాప్ కావాలి. గుర్తుకి అందనిది వాక్యానికి అందుతుంది. రాసే మనిషి కళ్లు తెరిచి చూస్తేనే.

కళ్లు తెరిచి చూశానా నేను? కోపం తగ్గాక నా పద్నాలుగు రీక్యాప్‌లూ ముందేసుకుని చదివాను. మా జట్టులో ఇద్దరే అమ్మాయిలు. రెండో పిల్ల కుడి చివర ఆడుతుంది. నా రాతల్లో మగపిల్లలు కొట్టారు, విసిరారు, పట్టారు, గెలిపించారు. ఆ అమ్మాయి "నవ్వుతూ జట్టుని వుత్సాహపరిచింది", "చక్కగా సహకరించింది". ఒక ఆటలో ఆ పిల్ల రెండుసార్లు బేస్ చేరిన సంగతి స్కోరుబుక్కులో నా చేత్తోనే గుర్తు పెట్టి, రీక్యాప్‌లో మాత్రం నవ్వు గురించి రాశాను. సిగ్గేసింది. కోచ్ ఒక్క వారం చేసిన పని నేను సీజన్ పొడుగునా చేశాను. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న ఆవిడకి చెప్పాను. "నేను గమనించాను, రాసేది మీరు కదా అని వూరుకున్నాను" అంది.

తీసెయ్యవలసినవి కూడా వుంటాయి, అది వేరే సంగతి. పిల్లల తప్పుల్ని పేరు పెట్టి రాయకూడదని మా లీగులో నియమం. దానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఓడిపోయిన రోజున ఏడ్చిన పిల్లవాడి గురించి రాయలేదు. ఇంటిపేర్లు కూడా రాయను. పదకొండేళ్ల పిల్ల ఏ పూట ఏ మైదానంలో వుంటుందో లోకానికి చెప్పక్కర్లేదు. ఇవి పిల్లల్ని కాపాడే మౌనాలు. 2 అనే అంకెని కొట్టేసిన మౌనం ఎవర్ని కాపాడింది?

రాతకి ఇంత బలం ఎక్కడిదని అడిగేవాళ్లకి ఈ ఆట చరిత్రే జవాబు చెప్తుంది. 1950లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ అనే ఊళ్లో కేథరిన్ జాన్‌స్టన్ అనే అమ్మాయి జడలు కత్తిరించుకుని, "టబ్బీ" అని పేరు మార్చుకుని లిటిల్ లీగ్ జట్టులో చేరింది. అసలు సంగతి తర్వాత చెప్పేసింది. ఆడనిచ్చారు. కానీ మరుసటేడు, ఆడపిల్లలు అర్హులు కారు అని నియమం రాసిపెట్టారు. అంతవరకూ ఎవరూ కాగితం మీద పెట్టాల్సిన అవసరం కూడా లేదనుకున్నారు. 1964లో అమెరికన్ కాంగ్రెస్ లిటిల్ లీగ్‌కి ఇచ్చిన చార్టర్‌లో ఆ సంస్థ పిల్లల్లో పెంపొందించవలసిన గుణాల జాబితా వుంది. పౌరసత్వం, క్రీడాస్ఫూర్తి, ఆ పక్కన "మగతనం". చట్టంలోనే రాశారు!

మా ఇంటికి గంట దూరంలో వున్న హోబోకెన్‌లో 1972లో మరియా పెపె అనే పన్నెండేళ్ల పిల్ల పిచ్చర్‌గా దిగింది. మూడు ఆటలాడేసరికి, ఆ అమ్మాయిని తీసెయ్యకపోతే ఊరి లీగు గుర్తింపు రద్దు చేస్తామని పైనుంచి బెదిరింపు వచ్చింది. తీసేశారు. నేషనల్ ఆర్గనైజేషన్ ఫర్ విమెన్ అనే స్త్రీల సంస్థ ఆమె తరఫున ఫిర్యాదు చేసింది. ఆడపిల్లల ఎముకలు బలహీనమని లిటిల్ లీగ్ తరఫు నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. విచారించిన సిల్వియా ప్రెస్లర్ దాన్ని తోసిపుచ్చి, 1973 నవంబర్‌లో ఆడపిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. న్యూజెర్సీలో కొన్ని లీగులు వాళ్లని చేర్చుకోవటంకన్నా ఆటలే ఆపేస్తామన్నాయి. 1974లో పైకోర్టు కూడా తీర్పుని ఖాయం చేసింది. ఆ సంవత్సరం డిసెంబర్ 26న చార్టర్‌ని సవరించే చట్టం మీద సంతకం పడింది. "మగపిల్లలు" పోయి "పిల్లలు" వచ్చింది, "మగతనం" అన్న మాట కొట్టేశారు. అప్పటికి మరియా పెపెకి ఆడే వయసు దాటిపోయింది. ఆ సంవత్సరమే ఆడపిల్లలకని విడిగా సాఫ్ట్‌బాల్ కూడా పెట్టారు. తలుపు తీశారు, పక్కనే ఇంకో తలుపు చూపించారు. ఇప్పటికీ ఎక్కువమంది అమ్మాయిల్ని అటే పంపుతారు.

2014 ఆగస్టులో మోనే డేవిస్ అనే పదమూడేళ్ల నల్లజాతి అమ్మాయి లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌లో అవతలి జట్టుకి ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా గెలిపించింది. ఒక ఆడపిల్ల అట్లా చెయ్యటం అక్కడ అదే మొదలు. ఒక పెద్ద క్రీడా పత్రిక ముఖచిత్రం మీద వేశారు. మంచిదే. అయితే ముఖచిత్రం మీదికెక్కాలంటే అంత చెయ్యాలి. మామూలుగా ఆడే అమ్మాయి మామూలుగా కనపడటానికి ఏం చెయ్యాలి?

నేను గొడవ చేశాక లీగు సమావేశంలో ఒక తండ్రి లేచి, "ఇన్ని తగాదాలెందుకు, మెషీన్ రాస్తుంది, దానికి కూతుళ్లు లేరు" అన్నాడు. అందరూ నవ్వారు. నిజమే, మెషీన్ రాస్తుంది. షికాగోలో 2010లో మొదలైన నేరేటివ్ సైన్స్ అనే కంపెనీ, స్కోరు వివరాలిస్తే ఆట కథనాన్ని దానంతటదే రాసే పద్ధతి తయారుచేసింది. గేమ్‌ఛేంజర్ అనే ఆప్ ద్వారా పిల్లల ఆటల కథనాలు లక్షల్లో అట్లాగే తయారయ్యాయి. ఇప్పుడది మామూలైపోయింది. కానీ ఆ మెషీన్‌కి అంకెలు అందించేదెవరు? బంతి బంతికీ ఫోన్ మీద వేలు నొక్కుతూ కూర్చున్నది ఆ మడత కుర్చీలోని మనిషే. రాత పని పోయింది, చాకిరీ మిగిలింది. పైగా క్యాచర్ ఆపిన బంతికి పుస్తకంలో గడి లేనప్పుడు మెషీన్‌కి ఎక్కడినుంచి వస్తుంది? దానికి కూతుళ్లు లేరు సరే, కళ్లు కూడా లేవు.

ఇది చదివి మన దగ్గర పనిచేస్తున్న మిత్రులు కొందరు, "డాలర్ల దేశంలో కూర్చుని నీ బాధలేమిటి" అంటారని తెలుసు. నా కడుపు నిండే వుంది, ఒప్పుకుంటాను. కానీ "స్వచ్ఛందం" అన్న మాటతో ఆడవాళ్ల పనికి జీతం ఎగ్గొట్టటం మనకి తెలియనిదా? 1975లో మొదలైన ఐ.సి.డి.ఎస్.లో అంగన్‌వాడీ కార్యకర్తలకి ఇచ్చేది జీతం కాదు, "గౌరవ వేతనం". 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మెకి దిగితే, 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా తెచ్చింది. అది అత్యవసర సేవ అంది. చేసినన్నాళ్లూ గౌరవం కోసం చేసే పని, ఆపిన రోజున అత్యవసర సేవ ఎట్లా అయింది? వాళ్లు 42 రోజులు నిలబడ్డారు. వాళ్ల పోరాటానికీ నా రీక్యాప్‌లకీ పోలిక తేవటం లేదు. ఆ మాట మాత్రం ఒకటే, అది ఎక్కడ వినపడినా అనుమానించటం నేను వాళ్ల దగ్గర నేర్చుకున్నాను.

ఈసారి సీజన్ మొదలవకముందే లీగుకి రాసిచ్చాను. రాసినవాళ్ల పేరు కింద వెయ్యాలి. రాతపని, స్కోరుబుక్కు తండ్రులకి కూడా వంతులవారీగా పడాలి. సొంత పిల్లల ఘట్టం వచ్చినప్పుడు పక్కవాళ్లు రాయాలి, కొట్టెయ్యకూడదు. రాసినవాళ్లకి చెప్పకుండా మార్చకూడదు. ఇంకొకటి అడిగాను: రెండేళ్లు ఈ పని చేసినట్టు ఒక ఉత్తరం. రేపు పని అనుమతి వస్తే, ఇన్నేళ్లు ఏం చేశావని అడిగేవాళ్లకి చూపించటానికి. హెచ్-4 మీదున్న నా స్నేహితురాళ్లందరికీ చెప్తున్నాను, ఎక్కడ వూరికే చేసినా ఆ కాగితం అడగండి. మొహమాటపడకండి.

పేరు వేస్తామన్నారు. వంతుల విషయం "మగవాళ్లకి కుదరకపోవచ్చు, చూద్దాం" అన్నారు. ఉత్తరానికి మాత్రం, "ఇది వుద్యోగం కాదు కదా, స్వచ్ఛందంగా చేసింది" అని జవాబొచ్చింది. మళ్లీ రాశాను. కోచ్ ఆ పాత రీక్యాప్‌ని సవరించి వెయ్యలేదు గానీ, మైదానం దగ్గర మా అమ్మాయితో ఆ రోజు నువ్వు పట్టిన బంతి నాకు గుర్తుంది అన్నాట్ట. "అయితే ఎందుకు తీసేశారు?" అని అడిగిందట ఇది. ఆయన ఏమన్నాడో సరిగ్గా వినపడలేదంది.

మొదటి ఆట ఈ శనివారం తొమ్మిదింటికి. వంతులు పడినా పడకపోయినా మా ఇంట్లోంచి ఈసారి వెళ్లేది నా సహచరుడు. స్కోరుబుక్కు, రెండు పెన్సిళ్లు ఆయన సంచిలో పెట్టాను. రాత్రి పుస్తకం తిరగేస్తూ, "రెండంటే ఎవరు?" అని అడిగాడు. మా అమ్మాయి పక్కనే కూర్చుని నేర్పుతోంది.